పిలిచే పేరు కాలమ్

నా పని గురించి గొప్పలు చెప్పుకోనంటే మా ఇంట్లోవాళ్లే నవ్వుతారు. బాగానే చెప్పుకుంటాను. అయితే అన్నిటికన్నా ఎక్కువగా చెప్పేది నేను తప్పు చేసిన రోజు గురించే.

తొంభైల్లో నస్పూర్ దగ్గర ఒక చిన్న ఆస్పత్రిలో కంప్యూటర్ పనికి చేరాను. మాది చొప్పదండి, బాపుది మరమగ్గం. ఆస్పత్రికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది బొగ్గుగని కార్మికులు; గనిని అక్కడ బాయి అంటారు. వాళ్లలో చాలామందికి రెండు పేర్లుండేవి. వెనకటికి అన్న పేరు మీద తమ్ముడు, మామ పేరు మీద అల్లుడు బాయి పనిలో చేరారు. హాజరుకు ఒక పేరు, ఇంట్లో పిలవడానికి ఇంకో పేరు. తల్లి వచ్చి కొడుకు ఏ వార్డులో ఉన్నాడని అడిగితే, తాను పిలిచే పేరే చెప్పేది.

రికార్డు గదిలో ఒక అక్క ఉండేది. ఇరవై ఏళ్లుగా రిజిస్టరు ఆమె చేతిలోనే ఉంది. అందులో గళ్లు కూడా ఆమే గీసుకుంది: బాయి పేరు, పిలిచే పేరు, ఊరు, వార్డు. ఎవరు ఏ పేరు చెప్పినా నిమిషంలో వెతికి పెట్టేది. కంప్యూటర్ వచ్చాక అలా వెతికే చేయి ఆగిపోయింది. హైదరాబాదు వాళ్లు చేసిచ్చిన టేబుల్లో బాయి పేరు కాలమ్‌కు ఈఎంపీ ఎన్ఎమ్, పిలిచే పేరు కాలమ్‌కు ఏఎల్‌టీ ఎన్ఎమ్ అని పేర్లుండేవి. నెలాఖరులోగా స్క్రీన్ మీద వెతకడం రాకపోతే ఆమెను దుప్పట్ల గదికి పంపిస్తానని ఆస్పత్రి నడిపే సారు తేల్చి చెప్పాడు.

రోజూ నేర్పాను, రోజూ కసురుకున్నాను. ఓపిక నాకు పుట్టుకతోనే తక్కువ. ఒకరోజు ఆమె రిజిస్టరు నా ముందుకు తోసింది.

"పని రాక కాదు బిడ్డా. గళ్లకు ఎవరియో పేర్లు వెట్టిన్రు. నా పేర్లు వెట్టు, నీకన్న జల్ది తీస్త."

సిగ్గేసింది. టేబుల్‌ను ముట్టుకోవడానికి వీల్లేదు. మందుల గది, ల్యాబు ప్రోగ్రాములన్నీ ఆ పాత పేర్లతోనే నడుస్తున్నాయి. కానీ దాని మీద వ్యూ చేయొచ్చు. వ్యూలో వేరే సమాచారమేమీ ఉండదు. ఉన్న టేబుల్‌నే మనం పెట్టుకున్న పేర్లతో చూపిస్తుంది. పైన కొత్త పేర్ల వరుస రాయాలి, కింద సెలెక్ట్ అనే లైనులో పాత కాలమ్‌ల వరుస రాయాలి. మొదటిదానికి మొదటిది, రెండోదానికి రెండోది అతుక్కుంటాయి. ఆమె మాటలనే ఇంగ్లిష్ అక్షరాల్లో రాశాను. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. పొంగిపోయి, ఆమెకన్నా ముందు సారుకు చెప్పాను.

మర్నాడు పొద్దున సారు వచ్చి వెనక నిలబడ్డాడు. అక్క స్క్రీన్ మీద అక్షరాలు కూడబలుక్కుని "బాయి పేరు" అని చదివింది. ఆమె ముఖం వెలిగిపోయింది. అప్పుడే ఖానాపూర్ బస్సు దిగి ఒక ముసలమ్మ కొడుకును వెతుక్కుంటూ వచ్చింది. ఆమె చెప్పిన పేరును అక్క పిలిచే పేరు గడిలో కొట్టింది. ఏమీ రాలేదు.

సారు నిట్టూర్చాడు. స్పెల్లింగ్ తప్పయి ఉంటుందని ఏదో గొణిగాను. అక్క కుర్చీలోంచి లేవలేదు. అదే పేరును బాయి పేరు గడిలో కొట్టింది. మూడో వార్డు అని వచ్చింది.

"గీ పేరు బాయిది కాదు బిడ్డా, అవ్వ పిలిచేది. రిజిస్టర్ల నా చేత్తోనే రాసిన. నీ గళ్లు అటుదిటు అయినయ్, జర సూడు."

చూశాను. పేర్ల వరుసలో బాయి పేరు ముందుంది, సెలెక్ట్‌లో ఏఎల్‌టీ ఎన్ఎమ్, అంటే పిలిచే పేరు, ముందుంది. రెండూ పేర్లే కాబట్టి కంప్యూటర్ నోరెత్తలేదు. నేనూ చూసుకోలేదు. స్క్రీన్ ముందు కూర్చున్న మొదటి పూటే ఆమె పట్టేసింది. వ్యూ తీసేసి వరుస సరిచేసి మళ్లీ చేయడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. ఈలోగా ముసలమ్మ మూడో వార్డుకు చేరింది. దుప్పట్ల గదికి ఇంకెవరినైనా చూసుకుంటానని చెప్పి సారు వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఎన్ని వ్యూలు చేసినా, రెండు వరుసల మీదా వేలు పెట్టి చదవకుండా ఎంటర్ నొక్కలేదు. అక్క రిటైరయ్యేదాకా ఆ కుర్చీలోనే ఉంది. కంప్యూటర్ చూడటానికి ఎవరొచ్చినా నన్ను పిలిచి పక్కన నిలబెట్టుకునేది.

"గళ్లు గీసింది నేను," అనేది. "కంప్యూటర్ల వెట్టింది మా బిడ్డ."