టోపీలో మిగిలిన చీటీ

మా ఊళ్ళో సగం మాటలు మనుషులు ఎద్దులతో పోరాడే గోదాలోంచే వస్తాయి. ఆపదలో ఆదుకున్నవాణ్ణి ఎద్దు ముందు గుడ్డ విసిరాడంటాం. ఊరికే చూస్తూ నిలబడ్డవాడు కంచె వెనక మనిషి. కాసిమిరోకు మాత్రం వీటన్నిటికంటే ఇష్టమైన మాట ఇంకొకటుంది: కొమ్ములు చెక్కిన ఎద్దు. తేలిగ్గా చేతికొచ్చే ప్రతిదాన్నీ అలాగే అనేవాడు. దొంగచాటుగా కొమ్ముల మొనలు అరగదీసి ఎద్దును గోదాలోకి తోలడం సెవిల్లా నగరంలో కళ్ళారా చూశాడట. నేనోసారి నా బారులో కాఫీ ఊరికే ఇస్తే కప్పు పైకెత్తి అడుగున చూశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ముప్ఫై ఏళ్ళు ఎద్దులతో పోరాడే వీరుల వెంట సహాయకుడిగా తిరిగాడు. పోటీ రోజు పొద్దున తన వీరుడి తరఫున, ఏ ఎద్దు ఎవరికో తేల్చే చీటీ తియ్యడం అతని పనే. ఎద్దుల నంబర్లు సిగరెట్ కాగితాల మీద రాసి, ఉండలు చుట్టి, టోపీలో వేసి, పైన ఇంకో టోపీ మూసి కుదుపుతారు. కాసిమిరో తన చీటీతో ఊరుకోడు, అవతలివాడిది కూడా విప్పించి చూస్తాడు. ఎద్దు పొడిచి కాలు కుంటిదయ్యాక, పెళ్ళీ పెటాకులూ లేకుండా తల్లి ఇంట్లోనే ఉండిపోయాడు.

తల్లి పోయిన నెలకి పంపకాలొచ్చాయి. ఒక వాటా ఇల్లు, రెండోది ఆలివ్ తోట. ఇల్లు అన్నకే వదిలేద్దామంది చెల్లెలు అంపారో. ఆమె భర్త లియాండ్రో ససేమిరా అన్నాడు. ఇల్లు పోతే కాసిమిరో ఆ కుంటికాలితో సత్రంలో గది వెతుక్కోవాల్సిందే.

"చీటీలేద్దాం బావా. ఎద్దులకేసినట్టే, అందరి ముందూ," అన్నాడు లియాండ్రో.

"వేద్దాం. కానీ నువ్వు రాయకూడదు. నీ చేతిని నేను నమ్మను."

"నీదీ నేను నమ్మను. అంపారో రాస్తుంది."

ఆదివారం మధ్యాహ్నం, నా బారులోనే జరిగింది. అంపారో మాకు వీపు పెట్టి రెండు కాగితాలు రాసి, ఉండలు చుట్టి టోపీలో వేసింది. పైన మూసిన టోపీ నాది. కాసిమిరో చెయ్యి పెట్టి ఒకటి తీసి విప్పాడు. ఇల్లు.

బారంతా ఈలలేసింది. లియాండ్రో మొహం మాడ్చుకుని లేచాడు. "నీ అదృష్టం. పద అంపారో."

గొడవ అంతటితో తీరిపోయేదే. కాసిమిరో కుర్చీలోంచి కదల్లేదు.

"ఏంటి బావా, ఇంత తొందరగా లేచావ్?"

"ఓడిపోయాక ఏం చెయ్యమంటావ్? చిందులెయ్యనా?"

"నెలరోజులు నా పీకమీద కూర్చున్నవాడివి, ఇవాళ ఒక్క తిట్టైనా తిట్టలేదే! ఇది కొమ్ములు చెక్కిన ఎద్దే. ఆ తోటలో ఏముంది? అటు రోడ్డు పడుతోందా?"

"అన్నయ్యా, ఇంటికెళ్ళు," అంది అంపారో. అది విన్నాక అతని అనుమానం ఇంకా ముదిరింది.

"రెండో చీటీ విప్పాలి. పద్ధతి అది."

"వద్దు. అమ్మ మీదొట్టు, వెళ్ళిపో."

అతను టోపీ బోర్లించి ఉండ విప్పాడు. దాని మీద కూడా ఇల్లు అనే ఉంది.

లియాండ్రో రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి భార్య వైపు తిరిగాడు. ఆమె మాత్రం అన్ననే చూస్తోంది.

"ఏది తీసినా నీకు ఇల్లే రావాలని రాశాను," అంది. "పెళ్ళయ్యాక ఈయనకి తెలీకుండా నేను చేసిన పని ఇదొక్కటే."

కాసిమిరో ఆ రెండు కాగితాలూ చేతిలో నలిపేశాడు. అంత దురదృష్టవంతుణ్ణి నేను చూడలేదు, అంత మూర్ఖుణ్ణి కూడా.

చీటీలు మళ్ళీ వేశారు. ఈసారి లియాండ్రో రాశాడు. కాదనే మొహం ఎవరికుంది? కాసిమిరో చెయ్యి పెడితే తోట వచ్చింది. లియాండ్రో మిగిలిన ఉండ జేబులో వేసుకుని, భార్య రెక్క పట్టుకుని బయటికి నడిచాడు. అది విప్పి చూపించమని అడగడానికి కాసిమిరోకు నోరు రాలేదు. నాకూ రాలేదు.