ఏడో ట్రే కాకిలెక్క

"ఇవి చేతిమీద పాకి బట్టల్లోకి దూరవు కదా అక్కా?"

డిగ్రీ రెండో ఏడు చదువుతున్న ఆ అమ్మాయి పరిశోధనలో అడుగుపెడుతూ అడిగిన మొదటి ప్రశ్న ఇదే.

"దూరితే ఆకలితో చస్తాయి. కుళ్ళిందైతేనే తింటాయవి. నీ దగ్గరేముంది?" అంది పురుగులక్క.

కాలేజీ భవనంలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. కింది అంతస్తులో, కిటికీలు సగం నేలలోకి దిగిన గదిలో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తోంది. హాస్టల్ వంటగదిలో మిగిలి కుళ్ళిన తిండిని ఈగపురుగులు ఎంత వేగంగా తిని పెరుగుతాయో తేల్చడం అక్కడి జంతుశాస్త్రం సార్ పరిశోధన. ట్రేలు సర్దడం, కడగడం, కంపు భరించడం ఆమె ఉద్యోగం. "బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. హాయిగా సంచీ పెట్టుకుంటా" అని నవ్వేది.

అమ్మాయి పని చెప్పుకోవడానికి చిన్నదే. పన్నెండు ట్రేలు. రోజూ ఒక్కో ట్రేలోంచి ఇరవై పురుగుల్ని చెంచాతో తీసి, కడిగి, కాగితం మీద తడి ఆర్చి, తూచి, బరువు పుస్తకంలో రాయాలి. తెల్లటి మెత్తటి పురుగులు చెంచా అంచు మీద మెలికలు తిరుగుతుంటే ఆమె వెన్నులో కూడా ఏదో మెలితిరిగేది. ఇంటికెళ్ళి మూడుసార్లు సబ్బుతో కడుక్కున్నా, అన్నం ముద్ద నోటిదాకా వచ్చేసరికి వేళ్ళు అదే కంపు కొట్టేవి.

అన్నిట్లోకీ ఏడో ట్రే మరీ ఘోరం. అందులో మాడిన వేపుడు నూనె కలిపిన తిండి వేశారు. ఐదో రోజు మూత తీయగానే, సింకు దాకా వెళ్ళేలోపే వాంతి అయిపోయింది. ఎలాగో తూచి రాసింది. ఆరో రోజు మూత మీద చెయ్యి వేసి, వెనక్కి తీసేసుకుంది. నిన్నటి బరువుకి కాస్త కలిపి రాసేసింది. ఏడో రోజూ అంతే. తర్వాత అదే అలవాటైపోయింది.

"ఏడోదాని వాసన మారింది, చూశావా?" అని పురుగులక్క ఒకసారి అడిగింది.

"చూశానక్కా, బాగానే ఉన్నాయి."

పదో రోజు సార్ స్వయంగా వచ్చి మూత తీశారు. లోపల నల్లటి ముద్ద. ఒక్కటీ కదలడం లేదు. సార్ పుస్తకం చూశారు, ముఖం వెలిగిపోయింది.

"నిన్నటిదాకా పెరిగి ఒక్కరోజులో అన్నీ చచ్చాయా! ఇలాంటిది నేనెక్కడా చదవలేదు. సదస్సులో పెడదాం. నీ పేరే ముందుంటుందమ్మా."

రెండో ఏడాదిలోనే పేరు! పై చదువుకి ఏ తలుపైనా తెరుచుకుంటుంది. అమ్మాయి బలవంతంగా తలూపింది.

సార్ వెళ్ళాక పురుగులక్క ఆ ముద్దని చెంచాతో కెలికింది. "నిన్న చచ్చినవైతే ఇంకా తెల్లగానే ఉండేవి. ఇవి నీరైపోయాయి. నాలుగు రోజులైంది చచ్చి."

"సార్‌కి చెప్తావా అక్కా?"

"నాకెందుకు? ఆ రాత నాది కాదుగా." చెంచా పక్కన పెట్టింది. "ఈ మూత తీసినప్పుడు కక్కుకున్నావు. ఆ అంకెలు రాసినప్పుడు రాలేదా వాంతి?"

"చెప్తే నన్ను పంపించేస్తారు."

"పంపిస్తే పంపిస్తారు. చెప్పకపోతే? సార్ మాట నమ్మి ఇంకెవరో ఇదే మొదలెడతారు. ఎక్కడో నాలాంటిది ఇంకొకత్తి ఈ కంపులో చెయ్యిపెట్టి, లేనిదాని కోసం దేవులాడుతుంది."

అమ్మాయి పుస్తకం తెరిచింది. గుండ్రటి చేతిరాతలో, ఒక్క మరక లేకుండా నాలుగు అంకెలు. పురుగులు తాకినప్పుడు కూడా అంత రోత పుట్టలేదు ఆమెకి.

సార్ గదికి వెళ్ళి జరిగింది చెప్పేసింది. ఆయన అంతా విన్నారు. తిట్టలేదు. పుస్తకాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని బల్ల చివరికి జరిపి, జేబురుమాలుతో ఆ వేళ్ళు తుడుచుకున్నారు. "మిగతా పదకొండు ట్రేల లెక్క మాత్రం ఎలా నమ్మను?"

పది రోజుల పనీ చెత్తబుట్ట పాలైంది. సదస్సు లేదు, పేరు లేదు. "రావాలనుంటే వచ్చి మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టు" అన్నారు, తలెత్తకుండానే. మర్నాడు వెళ్ళింది. ఏడో ట్రే మూత తీసింది, మళ్ళీ కక్కుకుంది. పురుగులక్క నీళ్ళ మగ్గు అందించి, పక్కనే నిలబడి ఓ మాట చెప్పింది.

ఆ అమ్మాయికి ఇప్పుడు పది నెలల పాప. మొన్న పాపకి జ్వరమొస్తే, నాలుగు గంటలకోసారి చూసి రాయమని డాక్టర్ గడులు గీసిన కాగితం ఇచ్చింది. మధ్యాహ్నం తల్లీపిల్లా ఇద్దరూ నిద్రపోయారు. ఒక గడి మిగిలిపోయింది. పైదీ కిందిదీ చూసి, మధ్యలో ఓ అంకె పెట్టబోయి పెన్ను ఆపింది. డాక్టర్ తననెలాంటి తల్లి అనుకుంటుందోనని బెరుకుగానే "చూడలేదు" అని రాసింది.

పురుగులక్క ఆ రోజు చెప్పింది అదే: "తెరవలేకపోతే తెరవలేదని రాయి తల్లీ. ఆ గడిని కాకిలెక్కతో మాత్రం నింపకు."