సగానికి కొట్టు, సగం వదిలెయ్

హయాత్ బాషాకు ఒక జబ్బు ఉంది. ఎవరేం చెప్పినా నమ్మడు. అలాగని కాదనడు కూడా. ఏ సంగతినైనా రెండు సగాలు చేసి, ఒక సగానికి చెప్పినట్టు చేసి, రెండో సగాన్ని అలాగే వదిలేసి, తేడా చూస్తే తప్ప ఆయనకు అన్నం సయించదు.

అబుదాబి ఎడారిలోని రువైస్‌లో మేమిద్దరం నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్నాం. ఆయనది రాయచోటి, నాది నరసాపురం. కంపెనీ ఇళ్ల తోటలు చూసే కాంట్రాక్టు సంస్థలో ఆయన ఫోర్‌మన్, నేను స్టోర్‌కీపర్ని. జుట్టు రాలుతోందంటే ఎవరో ఉల్లినూనె రాయమన్నారు. ఆయన నడినెత్తిన పాపిడి తీసి ఎడమవైపు మాత్రమే రాశాడు. మూడు నెలలు! ఆ ఎడమవైపు మంచం నాది కాబట్టి, నూనె సంగతి ఆయన జుట్టుకంటే నా ముక్కుకే ముందు తెలిసింది.

ఇంకోసారి, రోజూ ఇంటికి ఫోన్ చేస్తే ఆలుమగల మధ్య సఖ్యత పెరుగుతుందని మెస్‌లో ఎవరో అన్నారు. బాషా ఒక వారం రోజూ చేశాడు. మరుసటి వారం అసలు చేయలేదు. మూడో వారం ఆయన భార్య సైదున్నీసా ఫోన్ ఎత్తలేదు.

"ఏమైంది భాయ్?" అన్నాను.

"తేడా ఉండాదప్పా," అన్నాడు గంభీరంగా.

ఇలాంటి మనిషికి 2023 మార్చిలో మా ముదీర్, అంటే మేనేజరు, ఒక మందు డబ్బా అందించాడు. కాగితం పూల మొక్కల ఆకులకు గుండ్రంగా, ఎవరో పంచింగ్ మిషన్‌తో కొట్టినట్టు చిల్లులు పడుతున్నాయని ఇళ్లలోవాళ్లు ఫిర్యాదు చేశారు. దానికితోడు ఆకుల రసం పీల్చే తెల్లదోమ. మొత్తం కాలనీకి మందు కొట్టెయ్యమన్నాడు ముదీర్.

"ఆకు కోసేది పురుగు కాదు సార్, తేనెటీగ," అన్నాడు బాషా. ముదీర్‌తో ఆయన మాట్లాడేది హిందీయే గానీ, కోపమొస్తే అందులో రాయచోటి దూరేది.

"అయితే ఇంకేం? తేనెటీగలకు హాని లేదని డబ్బా మీదే ఉంది. యల్లా, కొట్టు."

"ఏ తేనెటీగకి సార్? తుట్టెలో ఉండేదానికి రాణి ఉండాది, వేలమంది చెల్లెళ్లు ఉండారు. పది చచ్చినా తుట్టె నిలబడతాది. మనది ఒంటి ఈగ. బొరియ వెతికేది అదే, ఆకు మోసేది అదే, గుడ్డు పెట్టేది అదే. అది పోతే ఇల్లే పోయినట్టు. దీనికి పరీక్ష పెట్టినారా?"

"నువ్వేమైనా సైంటిస్టువా?"

"కాదు సార్. అందుకే అడుగుతాండా."

ముదీర్ ముఖం ఎర్రబడింది. "నెలాఖరుకు నీ కాంట్రాక్టు అయిపోతుంది, గుర్తుందా? రెండు వారాలిస్తున్నాను. తేడా చూపించకపోతే కాలనీ అంతా మందు, నీకు ఇండియా టికెట్. ఖలాస్."

నేనైతే అక్కడే క్షమాపణ చెప్పి డబ్బా అందుకునేవాణ్ణి. బాషా మాత్రం పెళ్లికి పిలిచినంత సంబరపడిపోయాడు. తూర్పు గోడ పక్క మడికి మందు లేదు, పడమటి గోడ పక్క మడికి మందు. రెండుచోట్లా ఇరవయ్యేసి సన్నటి వెదురు గొట్టాలు కట్ట కట్టి వేలాడదీశాడు. ఈగ గొట్టంలో దూరి, ఆకుముక్కలతో గదులు కట్టి, గుడ్లు పెట్టి, చివరికి మూతి మూసేస్తుంది. మూసిన గొట్టాలు లెక్కపెట్టడమే పరీక్ష.

పది రోజులైంది. తూర్పున నాలుగు, పడమట మూడు. దాన్ని తేడా అనడానికి ముదీర్ కాదు కదా, నేనే ఒప్పుకోను. బాషా ఉద్యోగం పోతే రాయచోటిలో ఇద్దరు కూతుళ్ల కాలేజీ చదువులు ఆగిపోతాయి. ఆ సంగతి ఆయన ఎప్పుడూ అనలేదు, సైదున్నీసా వదిన నాతో అంది. నాకు పట్టపగలే నిద్ర పట్టనంత దిగులు పట్టుకుంది. దాంతో ఆయన మధ్యాహ్నం నమాజుకు వెళ్లినప్పుడు ఒక పని చేశాను. స్టోరులోని పంచింగ్ మిషన్‌తో ఆకులు గుండ్రంగా కోసి, మెస్ నుంచి తెచ్చిన చపాతీ పిండితో అతికించి, తూర్పు కట్టలో తొమ్మిది గొట్టాలు మూసేశాను.

సాయంత్రం బాషా ఆ కట్ట ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఒక గొట్టాన్ని వాసన చూశాడు.

"ఏమప్పా జాన్‌బాబూ, ఈ ఈగ గోధుమపిండి యాడ కొనిందో?"

నేను నేల చూపులు చూశాను. తిడతాడనుకుంటే, నా భుజం మీద చెయ్యేసి నేరుగా ముదీర్ ఆఫీసుకు నడిపించాడు.

"సార్, నా పరీక్షలో మోసం జరిగింది. నా వైపు మనిషే చేసినాడు. మళ్లీ మొదట్నుంచి పెట్టల్ల."

ముదీర్ పెన్ను కింద పెట్టాడు. "నీకు లాభం వచ్చే మోసాన్ని నువ్వే చెప్తున్నావా? పిచ్చా?"

"ఒప్పుకోకపోతే ఈగ చెప్పే నిజం కూడా మీరు నమ్మరు కదా సార్. ఈసారి ఓడితే టికెట్ ఖర్చు కూడా నాదే. కానీ కట్టుదిట్టం చేయల్ల. కాలనీలో యాడ మందు కొట్టినా రెండు దినాలు ఆడ మనిషి కాలు పెట్టగూడదు. పెడితే లెక్క చెడిపోతాది. మీరే కాగితం మీద రాసి, సంతకం పెట్టి నోటీసు బోర్డు మీద అతికించండి."

ఇంత ధైర్యం చూసి ముదీరే తగ్గాడు. రెండు వారాలిచ్చాడు, కాగితం అతికించాడు. బాషా రెండుచోట్లా కొత్త గొట్టాలు కట్టాడు. ఈసారి ఎండ కూడా పెరిగి ఈగలు జోరుగా తిరిగాయి. చివరిరోజు ముదీర్ స్వయంగా వచ్చి లెక్కపెట్టాడు. తూర్పున పదహారు మూతలు. పడమట రెండు. ఆ పడమటి కట్ట కింద నేల మీద ఒక ఈగ చచ్చిపడి ఉంది, కాళ్ల మధ్య ఆకుముక్క ఇంకా అలాగే ఉంది.  ముదీర్ వంగి దాన్ని చూశాడు. తర్వాత, పూలకాలం అయ్యేదాకా కాగితం పూల మొక్కలకు మందు వద్దని, తెల్లదోమను సబ్బునీళ్లతో కడగమని చెప్పి, బాషా కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు.

పరీక్ష అయిపోయింది కదా అని మర్నాడు నేను బోర్డు మీది కాగితం తీయబోయాను. పచ్చికకూ, ఖర్జూరం చెట్లకూ మాత్రం మందు కొట్టడం ఎప్పటిలాగే సాగుతోంది. కలుపు తీసే పెద్దిరాజు పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"తియ్యకండి బాబూ! ఇదివరకు పొద్దున్న మందు కొట్టి, మధ్యాహ్నమే అందులో కూర్చోబెట్టి కలుపు తీయించేవోరండి. చేతులు కాలిపోయినట్టుండేయండి. ఆరునెల్ల నుంచీ మేం మొత్తుకుంటే ఎవరూ వినలేదండి. బాషా గారు ఈగల పేరు చెప్పి ఈ కాగితం పెట్టించాక చూడండి." అరచేతులు చాపాడు. పొక్కులు మానుతున్నాయి.

నేను బాషా దగ్గరికెళ్లాను. ఆయన గొట్టాలు విప్పి భద్రంగా నీడకు చేరుస్తున్నాడు.

"భాయ్, నిజం చెప్పు. మనిషి కాలు పెడితే ఈగల లెక్క చెడిపోతుందా?"

"ఏమోనప్పా, నేను చూడలా."

"మరి మందులో కూర్చుంటే మనుషులకు చేతులు పొక్కుతాయని పరీక్ష పెట్టి చూశావా?"

"ఎట్ల పెట్టల్ల?" అని కసిరాడు. "పెట్టాలంటే సగం మందిని మందులో కూర్చోబెట్టల్ల కదా. ఆ పరీక్ష నేను పెట్టను."

నాలుగేళ్లలో ఆయన పరీక్ష పెట్టకుండా నమ్మిన మాట అదొక్కటే. నాకు ఆయన్ని కౌగిలించుకోవాలనిపించింది, ఉల్లినూనె గుర్తొచ్చి ఆగిపోయాను.

"ముదీర్ వచ్చి, పరీక్ష అయిపోయింది కదా, కాగితం ఎందుకింకా అంటే ఏం చెప్పను?"

బాషా కట్ట దారం ముడి వేస్తూ తలెత్తకుండానే అన్నాడు.

"ఈగలు ఒప్పుకోలేదని చెప్పు."