తోడు గొట్టం

కరోనా తగ్గిన మరుసటి ఏడాది ఆషాఢంలో, పెదవేగి దగ్గరి ఒక సుగంధ తైలాల ఫ్యాక్టరీలో కొత్తగా పెట్టిన ఎంజైము సెక్షన్‌కు నన్ను షిఫ్ట్ ఇన్‌చార్జిగా వేశారు. రిటైర్మెంటుకు ముందు అదే నా ఆఖరి పోస్టు. తాడేపల్లిగూడెంలో ఎనిమిదో తరగతితో చదువాపినవాణ్ణి నేను. బాయిలర్ దగ్గర హెల్పర్‌గా చేరి, డిక్షనరీ పక్కన పెట్టుకుని మాన్యువల్స్ చదివి ఆ కుర్చీ దాకా వచ్చాను. ఎవరి సిఫారసూ లేదు.

పని ఇదీ. పామరోజా గడ్డికి ఆవిరి పట్టి నూనె తీస్తారు. అందులో గులాబీ వాసన వేసే జెరానియాల్ ఉంటుంది. దాన్ని జెరానైల్ ఎసిటేట్‌గా మారిస్తే వాసన మెత్తబడి, పండు తీపి తగులుతుంది. సబ్బుల కంపెనీలవాళ్ళు అడిగేది అదే. ఆమ్లంతో, పెద్ద వేడితో చేస్తే వాసన చెడుతుంది. లైపేజ్ అనే ఎంజైము ఆ పని గోరువెచ్చదనంలోనే చేసిపెడుతుంది. అయితే దాన్ని ఊరికే కలిపేస్తే మళ్ళీ చేతికి రాదు. అందుకని ఆవగింజల్లాంటి రెసిన్ పూసలకు అంటించి, గాజు గొట్టంలో నింపి, పైనుంచి సరుకు పంపుతారు. సరుకు దిగిపోతుంది, పూసలు నిలిచిపోతాయి. వాటికి తడి మాత్రం తగలకూడదు.

మా మేనేజరు ఎం.ఎస్సీ. చదివినవాడు. సెక్షన్‌లో కూలికి వచ్చే ఆడవాళ్ళకు ఏ స్విచ్ ఎప్పుడు నొక్కాలో చెప్పి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళు మనుషులు కారా? అందరినీ పిలిచి, "ఇది తోడు లాంటిదమ్మా. పాలల్లో తోడేస్తే పెరుగైనట్టు, ఈ పూసలు తగిల్తే నూనె వాసన మారుద్ది" అన్నాను. చిటికెలో అర్థమైపోయింది. ఆ రోజు నుంచి అది తోడు గొట్టం. ఫ్యాక్టరీ చూడ్డానికి ఎవరొచ్చినా ఆ పోలిక చెప్పి మురిసిపోయేవాణ్ణి.

కార్తీకం నాటికి పూసల బలం తగ్గింది. బొత్తిగా పనికిరానివి తీసి పారెయ్యమని చెప్పి, మిగిలినవాటితో నెట్టుకొస్తున్నాం. విదేశం నుంచి రావలసిన కొత్తవి ఆలస్యమయ్యాయి. అవి రాకపోతే సెక్షన్ మూసేస్తామని, ఆడవాళ్ళు ఇంటి దగ్గర ఉండిపోవాలని మేనేజరు అన్నాడు. ఆ కబురు వాళ్ళకు చేరవేసింది నేనే. వాళ్ళలో సత్యవతి అనే ఆమె ముఖం పాలిపోయింది. ఆమెది కొల్లేరు ఒడ్డు పల్లె. భర్త చేపల చెరువుల మీద కాపలా, పనున్నప్పుడే పిలుస్తారు. ఇంట్లోకి నిలకడగా వచ్చేది ఆమె కూలి ఒక్కటే.

కొన్నాళ్ళకు ఒక ఉదయం సెక్షన్‌లో అడుగుపెడితే మేకపోతు కంపు. గొట్టం కింద పట్టిన సరుకు పుల్లగా ముక్కు బద్దలు కొడుతోంది. పైన పూసలు జిడ్డుగా ఉండకట్టాయి. ఎవరు ముట్టుకున్నారని అరిచాను. సత్యవతి ముందుకొచ్చింది. ఆమెలో భయం లేదు, పైగా కాస్త ఆశ కూడా ఉంది.

"పారెయ్యమన్న పాత పూసలు ఇంటికి పట్టుకెళ్ళి, మా గేదె పాలు వెచ్చజేసి అందులో తోడెట్టానండీ. మొన్న పొద్దున్న వార్చి, ఆరబెట్టి, నిన్న తెచ్చి సాయంత్రం గొట్టంలో పైన పోశాను. పెరిగాయో లేదో తెలీదు గానీ, కొంచెం ఉబ్బినట్టే కనబడ్డాయండీ."

లైపేజ్ అసలు పని కొవ్వును విరగ్గొట్టడం. పాలలోని వెన్నను విరగ్గొట్టి ఆ కంపు పుట్టించింది. మిగిలిన తడికి గొట్టంలో తయారైన సరుకు కూడా వెనక్కి విరిగి పులిసింది. బ్యాచ్ మొత్తం పోయింది.

"బుర్రుందా నీకు? పూసలు పెరగడమేంటి? ఎవరు చెప్పారే నీకు!" అన్నాను.

"మీరే కదండీ బాబాయిగారూ."

వెనక ఎవరో, "సత్తెవతి రోజ్ మిల్కు చేసిందండోయ్" అన్నారు. అందరూ నవ్వారు. నేను గోడ వైపు తిరిగాను.

మేనేజరు వచ్చి సంగతి విని, "మాస్టారూ, మీ పాఠం బాగా ఒంటబట్టిందండీ" అన్నాడు. ఆమెను పనిలోంచి తీసేయమన్నాడు. మాట నాది, శిక్ష నాకు వెయ్యండన్నాను. "మిమ్మల్ని తీసేస్తే గొట్టం ఎవరు చూస్తారండీ?" అన్నాడు. ఆ మాటకు నాలో ఎక్కడో సంతోషం కలిగింది. రెండోసారి అడగలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కావడం లేదు.

సత్యవతి క్యారేజీ సర్దుకుని, "మీరేం అనుకోకండి బాబాయిగారూ. పెరగవని ఆ రోజే అనుంటే, మా పిల్లలకి పాలన్నా మిగిలేవి" అని బస్సుకు వెళ్ళిపోయింది. తర్వాత కొత్త పూసలు వచ్చాయి. సెక్షన్ నడిచింది. నేను గౌరవంగా రిటైరయ్యాను.

మేనేజరు ఏమీ వివరించలేదని నేను పడ్డ ఆగ్రహం న్యాయమైనదే. ఇప్పుడూ అదే అంటాను. కానీ పోలిక చెప్పేవాడు, అది ఎక్కడ చెల్లదో కూడా అదే నోటితో చెప్పాలి. తోడు పెరుగుతుంది, ఎంజైము పెరగదు. ఆ సంగతి నాకు తెలియక కాదు. చెబితే పోలిక రక్తి కట్టదని వదిలేశాను.