సులైబియా ఉపవాసం

కువైట్ యుద్ధం నుంచి ఇంటికి తిరిగొచ్చినవాళ్ళలో పాత జాకెట్లు బిగుతైపోయినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. మిగతావాళ్ళు చెంపలు పీక్కుపోయి, కళ్ళు లోపలికి పోయి దిగారు. నేను మాత్రం చంకల దగ్గర కుట్లు విప్పుకోవాల్సి వచ్చింది. అయినా ఊళ్ళో ఎవరు పలకరించినా, "ఏం తిన్నాం లెండి, నీళ్ళు తాగి బతికాం" అని చెప్పేదాన్ని. వాళ్ళు నన్ను ఎగాదిగా చూసి పాపం అనేవాళ్ళు. మావాళ్ళు మర్యాదస్తులు.

మావాళ్ళంటే గోదావరి లంకలో కొద్ది గడపల క్రైస్తవ సంఘం. తుమ్మలు కొట్టి, ఇసుక మేటలు చదును చేసి పొలాలు చేసుకున్న మనుషులు. కల్లు, చుట్ట సరేసరి, టీ కాఫీలు కూడా ముట్టకూడదు. అన్నిటికంటే పెద్ద పాపం అబద్ధం. ఒక ఏడాది ఏరు లంకను కోసేసి పొలాలు పట్టుకుపోతే, మా అమ్మమ్మా తాతయ్యా బొంబాయిలో ఓడెక్కారు. మా సంఘంలో కువైట్ గడప తొక్కిన మొదటి జంట వాళ్ళే. సులైబియాలో ఒక కువైటీ తోటలో పని. తోట అని పేరేగాని ఉప్పు నేల, బోరు నీళ్ళు, నాలుగు మడుల దోసకాయలు, ఒక మంద మేకలు. అక్కడ కూడా చదును చేశారు, విత్తారు, శుక్రవారం రేకుల షెడ్డులో ప్రార్థన పెట్టారు. వెనకాల వచ్చిన మావాళ్ళందరూ ఆ షెడ్డులో చాప మీద పడుకున్నవాళ్ళే.

నేను వచ్చేసరికి వాళ్ళు అక్కడ పాతుకుపోయారు. నాకు సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పిల్లల్ని చూసే పని దొరికింది. ఏసీ గది, వాడేసిన సెంటు సీసాలు, మామా అని పిలిచే యజమానురాలు ఇచ్చిన చెప్పులు. ఇంకేం, నేను దొరసానినైపోయాను. ఎడారిలో మట్టి పిసుక్కునే ముసలాళ్ళు నావాళ్ళని మామాకు తప్ప ఎవరికీ చెప్పేదాన్ని కాదు. రోజుకు నాలుగు టీలు తాగేదాన్ని. శుక్రవారం సులైబియా వెళ్ళేటప్పుడు మాత్రం నోట్లో లవంగం వేసుకునేదాన్ని. తాతయ్య ఏనాడూ టీ సంగతి అడగలేదు. అడిగితే నేను లేదంటాను, ఆ పాపం పిల్లచేత చేయించడం ఎందుకని అడగలేదట. ఇది అమ్మమ్మ చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది.

ఇరాక్ సైన్యం వచ్చిన రోజు మామా వాళ్ళు సామాన్లు కట్టుకుని సౌదీ దారి పట్టారు. కారులో నాకు చోటు లేదు. మామా ఏడుస్తూనే, "యల్లా, త్వరగా మీ తాత దగ్గరికి పో" అని ఒక బాస్మతి బస్తా ఇప్పించి, డ్రైవరుచేత నన్ను సులైబియాలో దింపించింది. తోట యజమాని అప్పటికే వెళ్ళిపోయాడు. కరెంటు లేదు, బోరు ఆగిపోయింది, దోసపాదులు వారంలో ఎండిపోయాయి. మేకల్ని ఎవరో తోలుకుపోయారు. కువైట్ సిటీలో షర్క్ పేటలో ఉండే మా సంఘపు నర్సు ఒకామె మా ముగ్గురి పేర్లు ఇండియా వెళ్ళే బస్సులకు రాయించింది. పిలుపు ఎప్పుడొస్తుందో ఆమెకూ తెలియదు. ఆ పిలుపు వచ్చేదాకా ఆ బియ్యం సరిపోవాలి. మా ప్రాణాలు ఆ బస్తాలోనే ఉన్నాయి.

బస్తాను ఎండుగడ్డి వామి కింద గొయ్యి తీసి దాచింది నేనే. నా తెలివికి నేనే మురిసిపోయాను. మూడో రోజో నాలుగో రోజో ఇద్దరు సైనికులు వచ్చారు. తుపాకులైతే ఉన్నాయిగాని పాపం వాళ్ళూ డొక్కలెండినవాళ్ళే. ఇరాకీలు బియ్యాన్ని తిమ్మన్ అంటారు. "తిమ్మన్ ఉందా?" అని అడిగారు. నేను లేదని తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను, తాతయ్య "ఉంది" అని గడ్డివామి వైపు చెయ్యి చూపించాడు. వాళ్ళు బస్తా లాక్కుని, ఏమనుకున్నారో, ఒక చిన్న బిందెడు బియ్యం మాకు వంపి వెళ్ళిపోయారు.

"ఎందుకు చెప్పావు తాతయ్యా?" అన్నాను.

"అడిగేడు కదమ్మా."

"లేవంటే పోయేది కదా."

"ఉన్నాయి కదే. ఉన్నయ్యి లేవని ఎలాగంటాను?"

"ముగ్గురి ప్రాణాలకంటే నీ నోటి శుద్ధే ఎక్కువైపోయిందా?" అని అరిచాను. తాతయ్య గొయ్యి పూడ్చి, గడ్డి సరిచేసి వచ్చి కూర్చున్నాడు. ఆ పూట నేను ఆయనకు మంచినీళ్ళు కూడా అందివ్వలేదు. అంత కోపం.

మర్నాడు మధ్యాహ్నం అమ్మమ్మ ఒక్క కంచమే పెట్టింది. మీకేదని అడిగాను.

"మేవిద్దరం ఉపాసమమ్మా. యుద్ధం ఆగేదాకా అన్నం ముట్టవని దేవుడికి మాటిచ్చేం. తాతయ్యని అడుగు" అంది.

తాతయ్య ఖాళీ మేకల దొడ్డి వైపు చూస్తూ, "అవునమ్మా, మాటిచ్చేం" అన్నాడు.

బిందెడు బియ్యాన్ని కాపాడటానికి దేవుడే ఉపాయం చెప్పాడనుకున్నాను. వాళ్ళ భక్తికి నేనెందుకు అడ్డం రావాలి? రెండు పూటలా తిన్నాను. పనేమీ లేదు కనుక తిని పడుకున్నాను. సాయంత్రం వాళ్ళిద్దరూ గట్ల మీద మొలిచిన గంగవావిలి కూర ఉప్పేసి ఉడకబెట్టుకుని తినేవాళ్ళు. నాకూ కాస్త పెట్టబోతే జిగురని మొహం చిట్లించాను. పచ్చడి లేదని సణిగాను. టీ లేక తలనొప్పిగా ఉందని, ఆ దెబ్బతో లవంగాల రహస్యం కూడా నేనే బయటపెట్టుకున్నాను. తాతయ్య మేకను కట్టే తాడును లుంగీ మీద బిగించి కట్టుకుంటే, ముసలాయనకు ఇదేం సోకని నవ్వాను.

నిజంగా నాకు తెలియలేదా అని తర్వాత నన్ను నేను చాలాసార్లు అడిగాను. తెలుసుకోవాలంటే కంచం పక్కకు జరపాలి. అది నావల్ల కాలేదు. సిగ్గుగా ఉంది, అయినా ఉన్నమాట అదే.

నెల దాటాక పిలుపొచ్చింది. బస్సు మెట్టు మీదికి తాతయ్య కాలు లేవలేదు. వెనక జనం తోస్తున్నారు. "ఈ వయసులో ఉపవాసాలేంటి? దేవుడు అడిగాడా నిన్ను?" అని అందరిముందు విసుక్కున్నాను. ఇద్దరు మలయాళీ కుర్రాళ్ళు ఆయన్ని చంకల కింద చేతులేసి ఎత్తి సీట్లో కూర్చోబెట్టారు. ఆయన బరువే లేడని నాతో హిందీలో అన్నారు. బస్రా, బాగ్దాద్, అమ్మాన్, అక్కణ్ణుంచి విమానంలో బొంబాయి. దారి పొడుగునా ఎవరేమిచ్చినా తాతయ్య సగం విరిచి నాకిచ్చేవాడు. పుచ్చుకున్నాను.

ఊరు చేరాక మొదటి ఆదివారం ప్రార్థన మందిరం నిండిపోయింది. మా కష్టాల గురించి అప్పటికే నేను ఇంటింటికీ తిరిగి చెప్పి, ఇంటికొక ముద్ద తిని వచ్చాను. మా సంఘంలో నెల మొదటి ఆదివారం, ప్రభు భోజనపు రొట్టె పంచకముందు, తప్పు చేసినవాళ్ళు లేచి ఒప్పుకోవాలి. మగవాళ్ళ వైపు నుంచి తాతయ్య కర్ర పట్టుకుని లేచాడు.

"నా మనవరాలితో అబద్ధవాడేనండి. దేవుడికి ఉపాసం మొక్కుకున్నావని చెప్పేనండి. మొక్కుకోలేదండి. సైనికులకి బియ్యం చూపించేశాను గదండి, ఇంక ముగ్గురికీ చాలవండి. మేం తినకపోతే అది కూడా తినదని అలాగన్నానండి. ఒక్కసారి కాదండి, బస్సెక్కేదాకా రోజూ అన్నానండి. దేవుడి పేరు పెట్టి అన్నానండి."

మందిరంలో అందరూ నావైపు తిరిగారు. మేం తినకపోతే అది కూడా తినదని ఆయన అనుకున్నాడు. ఆ ఒక్క విషయంలో మా తాతయ్య నన్ను సరిగ్గా అంచనా వెయ్యలేకపోయాడు. నాకు ఏడుపు ఆగలేదు. పక్కనున్న అమ్మమ్మ నా మోకాలి మీద చెయ్యేసి తడుతూ, కళ్ళు మాత్రం తాతయ్య మీదే పెట్టుకుంది.

ఒప్పుకుంటే సరిపోదు. మళ్ళీ చెయ్యనని కూడా చెప్పాలి. అప్పుడే రొట్టె ఇస్తారు. సంఘపెద్ద కళ్ళు తుడుచుకుని, "మళ్ళీ చెయ్యనని చెప్పండి, అయిపోతుంది" అన్నాడు. తాతయ్య కర్రను రెండో చేతిలోకి మార్చుకున్నాడు. వినపడలేదేమోనని సంఘపెద్ద గొంతు పెంచి మళ్ళీ అడిగాడు.

"చెప్పేద్దురూ" అని అమ్మమ్మ ఇవతలి నుంచి గొణిగింది.

"అలాగనలేనండి" అన్నాడు తాతయ్య. "ఆ పిల్ల ఆకలితో ఉంటే మళ్ళీ ఆడతానండి."

 చివరికి పద్ధతి పద్ధతే అయింది. రొట్టె పళ్ళెం తాతయ్యను దాటి పక్కాయనకు వెళ్ళింది. ఆ తర్వాత ప్రతి నెలా అదే ప్రశ్న, అదే జవాబు. పోయేదాకా ఆయనకు రొట్టె ఇవ్వలేదు. ఆయన బాధపడ్డాడు, నాకు తెలుసు. పళ్ళెం తనను దాటేటప్పుడు తల దించుకునేవాడు. అది ఆడవాళ్ళ వైపు వచ్చి నా దగ్గర ఆగినప్పుడు మాత్రం తలెత్తి, నేను తింటున్నానో లేదో చూసేవాడు.