పది పేర్లు

తొర్రూరు బయటి పత్తి మిల్లులో శోభది పద్దెనిమిదేళ్ల సర్వీసు. కొత్తగా చేరిన ఆడవాళ్లకు గింజ తీసే మిషన్ దగ్గర పని నేర్పేది ఆమే. నేర్పే తీరు కూడా ఆమె సొంతమే. పత్తి ఇరుక్కుంటే మిషన్ ఆపాలి. ఆపినా లోపలి రోలర్లు వెంటనే ఆగి చావవు, ఇంకాసేపు తిరుగుతూనే ఉంటాయి. అంతసేపు ఊరికే నిలబడమంటే ఎవరు నిలబడతారు? అందుకని శోభ వాళ్లతో ఇంట్లోవాళ్ల పేర్లు పది పైకి చెప్పించేది. పదో పేరు అయ్యాకే చెయ్యి పెట్టాలి. ఇంట్లో అంతమంది లేకపోతే మేకల పేర్లైనా చెప్పాల్సిందే.

"నీ చెయ్యి పోతే బువ్వ లేకుంటయ్యేది గీళ్లే. యాది పెట్టుకో," అనేది.

అలాంటి శోభ నెత్తిమీదికి అనితను తెచ్చాడు మేనేజరు మహీధర్. అనిత పక్క తండా పిల్ల, డిగ్రీ చదివి మిల్లు ఆఫీసులో చేరింది. ఫోన్లో చూసే పాఠాలు తయారు చేసింది. ఒక్కోటి రెండు నిమిషాలే, తెలుగులోనూ తండా భాషలోనూ. తమ మాట ఫోన్లో వినేసరికి తండా ఆడవాళ్ల సంబరం చూడాలి! ఇన్నేళ్లలో శోభను ఒక్కరూ ఒక్క ప్రశ్న అడిగింది లేదు, ఊఁ కొట్టి పోయేవాళ్లు. ఈ పిల్ల చుట్టూ చేరి ఎన్ని ప్రశ్నలో.

శోభకు కడుపు రగిలిపోయింది. రగలదూ మరి?

"ఇగ నువ్వు గొంతు చించుకునే పని లేదు శోభమ్మా. మిషన్ చూసుకో చాలు," అన్నాడు మహీధర్, ఏదో మేలు చేసినట్టు. ఇకనుంచి పని నేర్పడానికి ఒక్కరే ఉంటారట. ఆ ఒక్కరూ ఎవరో ఆయన చెప్పకపోయినా అందరికీ తెలుసు.

తప్పు పట్టుకోవడానికే శోభ ఆ పాఠాలన్నీ చూసింది. నాలుగో దాంట్లో దొరికింది. ఎర్ర స్విచ్ నొక్కుతారు, వెంటనే చెయ్యి పెట్టి పత్తి లాగుతారు. మధ్యలో ఆగడం అనేదే లేదు. రెండు నిమిషాల్లో ఇమడదని ఆ ముక్క కత్తిరించేసింది పిల్ల. శోభకు ప్రాణం లేచొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. దీని తెలివి ఎప్పటికైనా బయటపడకపోతుందా అనుకుంది.

ఒకరోజు అనితే టీ తెచ్చిచ్చి అడిగింది. "నా పాఠాలు ఎట్లున్నయక్కా? తప్పుంటే చెప్పు జర."

"మంచిగున్నయి బిడ్డా," అంది శోభ, టీ ఊదుకుంటూ.

మూడు వారాలకు గోరీ అనే కొత్తామె మిషన్లో పత్తి ఇరుక్కుంది. స్విచ్ నొక్కింది, చెయ్యి పెట్టింది. పక్క మిషన్ దగ్గరున్న శోభ "ఆగే!" అని అరుస్తూ ఉరికొచ్చి భుజం పట్టి గుంజింది. చెయ్యి బయటికొచ్చింది. రెండు వేళ్ల కొసలు రాలేదు.

దవాఖానకు పోయే ఆటోలో గోరీ ఏడుస్తూ ఒకటే మాట. "ఫోన్ల చూపిచ్చినట్టే చేసిన గదక్కా!"

మర్నాడు మహీధర్ అందరి ముందూ అనితను తిట్టిపోశాడు. "శోభమ్మ ఉండంగ నాకీ పరేషాన్ ఎందుకు? ఇగ నేర్పుడు ఆమెనే," అన్నాడు. కోరుకున్నదంతా కూర్చున్నచోటికే వచ్చింది. ఆ మధ్యాహ్నం శోభ అన్నం గిన్నె మూత కూడా తియ్యలేదు.

కళ్లు వాచిపోయిన అనిత ఫోన్ పట్టుకుని వచ్చింది. "సార్ బంద్ అన్నా సరే, ఆ పాఠం మల్ల తీస్తనక్కా. పది పేర్లు నువ్వే చెప్పు. ఒక్క ముక్క కూడ కత్తిరియ్య," అంటూ ఫోన్ ఎదురుగా పెట్టింది.

శోభ ఆ ఫోన్‌ను బోర్లా పెట్టింది.

"నాకు మొదట్లనే తెలుసు బిడ్డా. ఆ తప్పు చూసిన. నీ మీద కుళ్లుతోని చెప్పలె."

అనిత ఫోన్ వెనక్కి తీసుకుంది. శోభ తల వంచుకుని లోపల్లోపలే పేర్లు మొదలుపెట్టింది. పదీ అయిపోయాయి. అనిత ఇంకా మాట్లాడలేదు.