అక్క పేరు వెతుక్కుంటూ శాలిబండకు

జగిత్యాల నుంచి ఇజ్రాయెల్ పోయి ఎనిమిదేండ్లు ముసలోళ్లను చూసుకునే పని చేసిన. అక్కడ నేను పని చేసిన ఇంటి పెద్దాయన డేవిడ్‌ను బాపు అనే పిలుస్త. పోయిన నెల ఫోన్ చేసి, "హైదరాబాద్ వస్తున్న, మా అక్క సమాధి చూపించు" అన్నడు. ఎనభై ఆరేండ్ల వయసుల, ఆ మోకాళ్లతోని ఏం ప్రయాణం! వద్దంటే వింటడా? జగమొండి.

బాపు చిన్నప్పుడు, రెండో ప్రపంచ యుద్ధంల యూదులను పట్టుకపోతుంటే, హాలెండ్‌ల ఒక రైతు కుటుంబం అక్కాతమ్ముళ్లను అటక మీద దాచింది. అక్క రాహేలును మరియ చేసిండ్రు. అసలు పేరు గుసగుసగ గూడ అనొద్దన్నరు. పట్టుకపోయిన అమ్మానాయిన తిరిగి రాలే. బాపును మేనమామ తీస్కపోయిండు. అక్క రైతు ఇంట్లనే పెరిగి, క్రైస్తవురాలై, నర్సుగ హైదరాబాద్ వచ్చి ఇక్కడనే కన్నుమూసింది. ఉత్తరాలల్ల ఎప్పుడూ మరియ అనే సంతకం. "అమ్మ పెట్టిన పేరును అక్క పారేసిందా? అదొక్కటి తెల్వాలె నాకు" అన్నడు బాపు.

బాపును తీస్కొని బయలెల్లిన నాడు పొద్దున ఏడున్నరకు ఎంజీబీఎస్ బస్టాండ్ బయట ఆటోవాలా రెండు వందలు అడిగిండు. "శాలిబండకు గంతనా భాయ్? నేనేమన్న కొత్తదాన్నా?" అని దబాయిస్తే నూట ఇరవైకి దిగిండు. మీరు గూడ అటు పోతే తొమ్మిది లోపే నయాపూల్ దాటుండ్రి, లేకుంటే ట్రాఫిక్‌ల ఇరుక్కుంటరు. గల్లీ మొదట్ల చాయ్ తాగి, సమాధుల తోటకు నడిచినం.

రాతి మీద మరియ అనే ఉన్నది. బాపు ముఖం వాడిపోయింది. అయినా హాలెండ్‌ల ఆ రైతు ఇంటి వాకిట్ల ఏరుకొచ్చిన చిన్న రాయి తీసి సమాధి మీద పెట్టిండు. యూదులకు అదే ఆనవాయితీ, మనం పూలు పెట్టినట్టు. ఇటు తిరిగినమో లేదో, తోట చూసుకునే సునందమ్మ చీపురుతోని దాన్ని ఊడ్చిపారేసింది.

"ఏందమ్మా నువ్వు!" అని లొల్లి పెట్టిన.

"సమాధి మీద రాళ్లుంటే ఊడ్వనా అక్కా? నర్సమ్మకు చెత్త ఉంటే పడకపోయేది" అన్నది. నర్సు గాబట్టి బాపు అక్కను ఇక్కడ అందరు అట్లనే పిలిచేటోళ్లు.

"ఈయన నర్సమ్మ తమ్ముడు. ఆ రాయి ఆమె కోసం తెచ్చిండు. ఆమె అసలు పేరు రాహేలు."

సునందమ్మ చీపురు కింద పెట్టింది. "రాహేలా? నా బిడ్డ పేరు గదే! కాన్పు చేసి నర్సమ్మనే పెట్టింది. 'మస్తు ఏండ్లు దాచుకున్న పేరు, నీ బిడ్డకిస్తున్న' అన్నది. బైబిల్ల పేరే గద అనుకున్న."

నేను హీబ్రూల చెప్పేలోపే ఆమె గేటు దిక్కు తిరిగి గొంతెత్తి పిలిచింది: "రాహేలూ! ఓ రాహేలూ! ఇటు రా బిడ్డా!"

గేటు పక్క ఇంట్ల నుంచి చేతులు తుడుచుకుంట ఒకామె బయటికొచ్చింది. బాపుకు తెలుగు రాదు, గానీ ఆ పేరుకు తర్జుమా ఎందుకు? అక్కడనే కూలబడి ఏడ్చిండు. నాకూ దుఃఖం ఆగలే.

వచ్చేటప్పుడు ఆయన మోకాళ్ల గురించి ఒక్క మాట అనలే. అటక మీద నోరు మూసుకున్న పేరును శాలిబండల ముప్పై ఏండ్ల నుంచి రోజూ కేకేసి పిలుస్తున్నరని తెల్సినంక, ఇంకేం కావాలె ఆ మనిషికి?

మీరు ఎవరి సమాధి వెతుక్కుంట పోయినా, రాతి మీద రాసింది చదివి తిరిగి రాకుండ్రి. ఊడ్చేటోళ్లను అడుగుండ్రి. బాపు తెచ్చిన ఆ చిన్న రాయిని సునందమ్మ చెత్తల దేవులాడి, కడిగి, తన చేత్తోనే మళ్ల పెట్టింది.